సైలెన్సర్ల తీతు

మా పెద్దనాయిన తీతుకు దిల్‌సుఖ్‌నగర్‌లో విజయవాడ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు అక్కడ చీరల దుకాణాలు వరుసగా ఉన్నాయి. 1969 నాటికి మాత్రం ఒక పక్క తోటలు, ఇంకో పక్క కొత్తగా లేస్తున్న ఇండ్లు, మధ్యలో దుమ్ము లేపుకుంటూ పోయే లారీలు. ఆ లారీల సైలెన్సర్లు అతికి అతికి ఆయనకు సైలెన్సర్ల తీతు అనే పేరు పడిపోయింది. నాకప్పుడు మూడేండ్లు. ఈ సంగతులన్నీ ఆయన భార్య, మా పెద్దమ్మ ఎలీశమ్మ చెప్పగా విన్నవే. కొంత ఆయన తమ్ముడు, మా బాపు స్తెఫను చెప్పాడు, అదీ ముసలితనంలో.

పెద్దనాయినది నల్లగొండ పక్కన పల్లె. పదిహేనేండ్లకే పట్నం వచ్చి చాదర్‌ఘాట్‌లో ఒక లారీల షెడ్డులో వెల్డింగు నేర్చుకున్నాడు. అక్కడ ఉన్నప్పుడే ఒక వానాకాలం పొద్దున ఆయన ఒక లారీ తలుపు తెరిచాడు. వాన పడుతున్నదని అద్దాలన్నీ మూసి, ఇంజను నడుస్తుండగానే నిద్రపోయిన డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. పట్టి లేపితే పక్కకు ఒరిగాడు. మొహం నిద్రపోతున్నవాడి మొహంలాగే ఉందట, పెదవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయట. కింద సైలెన్సరు గొట్టానికి బొటనవేలంత రంధ్రం.

ఆ రోజు నుంచి పొగ అంటే ఆయనకు భయం, ఆ భయమే ఆయన పనితనం కూడా. పొగ కనబడితే మంచిదే, మనిషి దగ్గి బయటికి పోతాడు, కనబడని పొగే ముంచుతది అనేవాడు. సొంత షెడ్డు పెట్టుకున్నాక లారీలు, టాక్సీలే కాకుండా ఇండ్లకు పొగగొట్టాలు కూడా చేసేవాడు. కొత్త కాలనీలలో మేస్త్రీలు వంటింటికి గొట్టం పెట్టేవాళ్లు గానీ పిట్టగోడ కన్నా తక్కువ ఎత్తులో వదిలేసేవాళ్లు. గాలి కొడితే పొగంతా తిరిగి ఇంట్లోకే. పెద్దనాయిన పోయి గొట్టం ఎత్తు పెంచి, పైన రేకు టోపీ పెట్టి, పొయ్యి పక్కన గోడకు కింది భాగంలో గాలి వచ్చేందుకు చిన్న కన్నం కొట్టేవాడు. "పైకి పోవాలంటే కింద నుంచి రావాలె గదా" అని ఇంటివాళ్లకు చెప్పేవాడు.

అట్లా పరిచయమైన ఇల్లే విశ్వేశ్వరరావుది. తెనాలి దగ్గరి మనిషి. ఎరువుల కంపెనీ ఏజెంటుగా జిల్లాలు తిరిగేవాడు. గడ్డిఅన్నారం పోయే దారిలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన భార్య కనకరత్నం పొగతో కండ్లు వాచి తానే షెడ్డు దాకా నడిచి వచ్చిందట.

"ఇక్కడ పొగగొట్టాలు చేసేది నువ్వేనా? మా వంటింట్లో కూర్చుంటే ఉప్పేదో కారమేదో కనబడటం లేదయ్యా."

పెద్దనాయిన పోయాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అప్పటి దాకా ఆయన పని చేసిన చాలా ఇండ్లలో వంటింటి బయటి నుంచే కొలతలు తీసుకునేవాడు. తాను ఎవరో, ఏ వాడ నుంచి వచ్చాడో అడక్కముందే చెప్పుకోవాల్సిన కాలం అది. కనకరత్నం చేతిలో గరిటె పట్టుకునే అన్నది, "బయట నిలబడితే పొయ్యి ఎట్లా కనబడుతుంది? లోపలికి రా."

రెండు రోజులు పట్టింది ఆ పని. మూడో రోజు పొయ్యి వెలిగించి ఆమె పొగ పైకి పోవడం చూసి చిన్నపిల్లలాగా బయటికి ఉరికి, మిద్దె మీద గొట్టం నుంచి పొగ లేస్తుంటే చూసి నవ్విందట. పెద్దనాయిన ఆ మాట పెద్దమ్మకు చాలాసార్లు చెప్పాడు. ఆ తర్వాత ఆ ఇంటి ముందు నుంచి పోతే మజ్జిగ తాగకుండా పోనిచ్చేది కాదు.

1969 ఏప్రిల్‌లో రావు తన కారును షెడ్డుకు తెచ్చాడు. ఎవరో డాక్టరు వాడి వదిలేసిన నల్లటి పాత బండి. వెనక కూర్చుంటే అరికాళ్లు కాలుతున్నాయని కనకరత్నం చెప్పిందట. పెద్దనాయిన కిందికి దూరి చూశాడు. ఇంజను దగ్గర అతుకు పగిలింది, గొట్టం పొడుగునా తుప్పు, వెనక సీటు కింద నేల రేకు జల్లెడలా ఉంది.

"సార్, మొత్తం గొట్టం మార్చాలె. నేల రేకు కొత్తది వెయ్యాలె. వారం రోజులు బండి నాకు విడిచిపెట్టుండ్రి."

"వారమా? ఇప్పుడు సీజను తీతూ. కాళ్లు కాలకుండా ఏదో చెయ్యి. మిగతాది జూన్‌లో చూద్దాం."

పెద్దనాయిన గొట్టానికీ నేలకూ మధ్య ఆస్‌బెస్టాస్ షీటు బిగించాడు. వేడి తగ్గింది. వేడి తగ్గేసరికి రావుకు గొట్టం సంగతి మనసులో నుంచి పోయింది.

అప్పటికే ఊరు ఉడుకుతున్నది. ప్రత్యేక తెలంగాణ కావాలని జనవరి నుంచి కాలేజీ పిల్లలు రోడ్ల మీద ఉన్నారు. బందులు, లాఠీలు, కాల్పులు. జూన్ వచ్చేసరికి ఆఫీసులవాళ్లు కూడా సమ్మెకు దిగారు. మా బాపు స్తెఫను ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఆయనా జెండా పట్టుకొని ఊరేగింపులలో తిరిగాడు. మా నౌకరీలు మాకు రావాలనేవాడు, అందులో తప్పేమీ లేదు. పెద్దనాయిన కూడా అవునన్నాడు. షెడ్డు మూసి ఒకటి రెండు సభలకు పోయాడు కూడా. కానీ బస్సు కాలబెట్టిన జాగలో మిగిలిన ఇనుము చూసి వచ్చి ఆ రోజు అన్నం తినలేదని పెద్దమ్మ అనేది.

జూన్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం రావు మన్సూరాబాద్‌లో పెద్దనాయిన ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ రాలేదు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కున్నది.

"తీతూ, మా గోడ మీద రాశారు. వెళ్లిపొమ్మని. నిన్న కిటికీ పగలగొట్టారు. పాప పక్కలోనే గాజుపెంకులు పడ్డాయి. రేపు తెల్లారేసరికి బయలుదేరి తెనాలి వెళ్లిపోతాం. బండి చప్పుడు ఘోరంగా ఉంది, ఎక్కడున్నా వినబడుతుంది. ఏదో ఒకటి చెయ్యి."

"గ్యాసు లేదు సార్. బందు పెట్టినంక సిలిండరు రాలే. గ్యాసు లేకుంటే వెల్డింగు కాదు. నాలుగు రోజులు ఆగుండ్రి."

"నాలుగు రోజులు ఎవరు బతికుంటారయ్యా?"

పెద్దనాయిన సామాను సంచి తీశాడు. పెద్దమ్మ లోపలికి పిలిచి చిన్నగా అన్నది, "సగం పని చెయ్యకు. చేస్తే మొత్తం చెయ్యి, లేకుంటే కాదని చెప్పు."

"కాదంటే చెయ్యకుంటనే పోతరు" అన్నాడు ఆయన.

రావు ఇంటికి పోయి మూడు గంటలు కారు కింద పడుకున్నాడు. రంధ్రాలున్న చోట ఆస్‌బెస్టాస్ తాడు చుట్టి, పైన రేకు తొడిగి, క్లాంపులు బిగించాడు. చప్పుడు తగ్గింది. ఇంజను దగ్గరి పగులు మాత్రం నిప్పు లేకుండా అతుకదు. వెనక నేల మీద ఒక రేకు పరిచి రివిట్లు కొట్టాడు. కొట్టిన చోటల్లా పాత రేకు పొడిగా రాలింది. బయటికి వచ్చి చేతులు తుడుచుకునేసరికి రావు ఇంట్లో లేడు, పెట్రోలు కోసం ఎవరి దగ్గరికో పోయాడు. కనకరత్నం అరుగు మీద మూటలు కడుతున్నది.

"అమ్మా, జర ఇటు ఇనుండ్రి. గిది పక్కా పని కాదు. అద్దాలు దించుకొనే పోవాలె. ఎండైనా, దుమ్మైనా, ఏమైనా సరే మూయొద్దు. తలనొప్పి లేసినా, కడుపుల తిప్పినా బండి ఆపి దిగుండ్రి. సూర్యాపేటల గ్యాసు దొరుకుతది, అక్కడ వెల్డింగు చేయించుకొని ముందుకు పోవుండ్రి. సారుకు చెప్పుండ్రి."

"చెప్తాను తీతూ. అద్దాలు మూయం." మూట ముడి వేసి లేచి నిలబడి ఇంటి వంక చూసింది. "ఈ ఇంట్లో నాకు బాగా నచ్చింది ఏంటో తెలుసా? నీ పొగగొట్టమే" అన్నది.

ఆయన కొంతసేపు ఉన్నాడు. రావు రాలేదు. చీకటి పడకముందే ఇల్లు చేరాలని వచ్చేశాడు.

మరునాడు తెల్లారుజామున వాళ్లు బయలుదేరారు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా అంటున్న చోట రోడ్డుకు అడ్డంగా రాళ్లు, కాలుతున్న టైర్లు. పది పదిహేను మంది ఉన్నారట. రావు పక్క నుంచి బండి దూకించాడు. వెనక డిక్కీ మీద రెండు రాళ్లు పడ్డాయి. ముందు ఇంకెక్కడైనా ఆడమనిషి కనబడితే కుటుంబంతో పారిపోతున్నారని ఆపుతారని, భార్యను వెనక సీటు ముందు, నేల మీద పడుకోబెట్టి పైన పరుపు కప్పాడు. అద్దాలన్నీ ఎత్తేశాడు. ముందు సీట్లో తన పక్క తలుపు మూలనున్న చిన్న కిటికీ కొక్కెం విరిగింది కాబట్టి అది మూసుకోలేదు. ఆ కొద్దిపాటి గాలి ఆయనకూ, పక్కన నిద్రపోతున్న పదేండ్ల కూతురికీ తగిలింది. వెనకకు తగలలేదు.

చౌటుప్పల్ దాటి చాలా దూరం పోయాక, చెట్టు కింద ఆపి పరుపు తీస్తే కనకరత్నం లేవలేదు. తర్వాత వచ్చిన దవాఖానలో ఇంజను పొగ పీల్చి చనిపోయిందని చెప్పారు.

ఈ సంగతి పెద్దనాయినకు నాలుగో రోజు తెలిసింది, జీపులో వచ్చిన పోలీసుల వల్ల. రావు కంప్లయింటు రాసిచ్చాడు. మెకానిక్కు తెలంగాణవాడనీ, ఉద్యమంలో తిరుగుతాడనీ, కావాలనే బండి పాడుచేసి ప్రయాణానికి పంపాడనీ అందులో ఉంది.

"అమ్మ పోయిందా?" ఇది ఒక్కటే అడిగాడట పెద్దనాయిన. జీపు ఎక్కేటప్పుడు కూడా చెప్పులు వేసుకోలేదు.

నాలుగు రోజులు ఉంచుకున్నారు. అరికాళ్ల మీద కొట్టారు. ఆయన చెప్పింది ఒకటే, అద్దాలు దించుకొమ్మని అమ్మకు చెప్పిన అని. ఎవరి ముందు చెప్పావంటే అమ్మ ముందు. ఇంకెవరైనా ఉన్నారా అంటే ఎవరూ లేరు. స్టేషనంతా ఉద్యమంలో పట్టుకొచ్చినవాళ్లతో కిక్కిరిసి ఉంది. సాక్ష్యం ఏమీ లేక, పెట్టుకోవడానికి జాగ లేక విడిచిపెట్టారు.

నడవలేక నడవలేక షెడ్డు దాకా వచ్చేసరికి అక్కడ పదిమంది నిలబడి ఉన్నారు. ముందర అంతయ్య. ఆ కాలనీలలో బందులు చేయించేవాడు, మాటకారి. చేతిలో బంతిపూల దండ. పెద్దనాయినకు ఏమీ అర్థం కాకముందే మెడలో వేశాడు.

"శెభాష్ తీతన్నా! మేం రాళ్లు ఏస్తిమి, నువ్వు అసలు పనే చేస్తివి."

"నేనేం చెయ్యలే అంతయ్యా. గా తల్లి నాకు మజ్జిగ పోసిన తల్లి. నేను చెప్పిన, అద్దాలు దించుకొమ్మని చెప్పిన."

అంతయ్య కన్ను కొట్టాడు. "అట్లనే చెప్పాలె అన్నా. ఎవరడిగినా గదే చెప్పు."

వెనక ఉన్నవాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు. పెద్దనాయిన దండ తీసి కిందపడేశాడు. అది కూడా పోలీసుల భయంతో చేశాడనుకున్నారు. ఆ సాయంత్రం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కథ రెండు నోళ్ల నుంచి ఒకే తీరుగా నడిచింది. ఒకరు తిట్టుకుంటూ చెప్పారు, ఇంకొకరు మెచ్చుకుంటూ చెప్పారు. ఆయన చెప్పింది మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా బాపు సంగతి కూడా రాయాలి. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక బాపు అన్నను పక్కకు తీసుకుపోయాడు.

"అన్నా, నాకు ఒక్కనికి నిజం చెప్పు. నేను ఎవరికీ చెప్ప. చేసినవా?"

పెద్దనాయిన తమ్ముని మొహం చూస్తూ నిలబడ్డాడట. బాపు పదేండ్ల వయసులో పల్లె నుంచి వస్తే చదివించినవాడు ఆయనే. నౌకరీ కోసం తిరిగినవాడు ఆయనే.

"నువ్వు గూడ అడుగుతున్నవా స్తెఫనూ?"

"ఊరంతా అంటున్నది. నేను ఏమని చెప్పాలె అందరికి?"

పెద్దనాయిన చెప్పులు వేసుకొని ఇంటికి పోయాడు. తర్వాత చాలా ఏండ్లు ఒకే బెంచీ మీద కూర్చొని పాటలు పాడారు గానీ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఆయనకు బండి చూపించడం మానేశారు. విజయవాడ లారీలు షెడ్డు ముందు ఆగకుండా పోయేవి. ఇక్కడివాళ్లు ఆగేవాళ్లు, కానీ సైలెన్సరు బిగిస్తుంటే నవ్వుతూ, "మాకు గట్ల చెయ్యకే తీతన్నా" అనేవాళ్లు. ఒకరోజు ఆ మాట అన్న టాక్సీ డ్రైవరు బండి కింద నుంచి పెద్దనాయిన పని సగంలో వదిలేసి బయటికి వచ్చాడు. ఆ తర్వాత కారు కింద పడుకుంటే ఊపిరాడటం లేదని లేచి వచ్చేసేవాడు. పొగగొట్టాల పనికైనా పిలుస్తారేమోనని చూశాడు. ఎవరి వంటింట్లోకి ఎవరు రానిస్తారు అప్పుడు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో రావు ఇల్లు అమ్మడానికి వచ్చాడని తెలిసింది. పెద్దమ్మ వద్దన్నా పెద్దనాయిన పోయాడు. ఇల్లంతా ఖాళీగా ఉంది. రావు వరండాలో కుర్చీలో ఒక్కడే ఉన్నాడు. చిక్కిపోయాడు. ఈయన్ని చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"సార్, నేను అమ్మకు చెప్పిన. అద్దాలు దించుకొని పోవుండ్రి అని. దేవుని మీద ఒట్టు."

రావు నేలను చూస్తూ అన్నాడు, "తెలుసు."

పెద్దనాయిన ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"బయలుదేరేటప్పుడే చెప్పింది. నువ్వు చెప్పావని చెప్పింది. దారిలో మూడుసార్లు అడిగింది, అద్దం దించండి, తల పగిలిపోతోంది అని. నేనే అరిచాను. దించితే చస్తాం, నోరుమూసుకుని పడుకో అన్నాను. మళ్లీ మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను."

"మరి పోలీసోళ్లకు నా పేరు ఎందుకు రాసిచ్చిన్రు సార్?"

"పాప లేచి అమ్మకి ఏమైందని అడిగింది. ఎవరు చేశారని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి కదా. నీ పేరు చెప్పాను."

"గిప్పుడన్న చెప్పుండ్రి. ఒక్క కాయితం మీద రాసియ్యుండ్రి. ఎవరికి చూపియ్యాల్నో వాళ్లకే చూపిస్త."

"రాయలేను తీతూ. తిట్టు, కొట్టు, పడతాను. రాయమనకు. ఆ పిల్లకి నేనొక్కణ్ణే ఉన్నాను."

పెద్దనాయిన తిట్టలేదు. ఇంటికి వచ్చి పెద్దమ్మకు చెప్పాడు. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి, వీధిలో నిలబడి అందరూ వినేటట్టు అడుగుతానని లేచింది.

"కూర్చో ఎలీశమ్మా. ఆయన చెప్పినా ఇగ ఎవరు నమ్ముతరు? అటోళ్లకు గా కథే కావాలె. మనోళ్లకు గూడ గదే కావాలె" అన్నాడు. కొంచెంసేపటికి మళ్లీ అన్నాడు, "నువ్వు చెప్పినవు గదా సగం పని చెయ్యకని. నేను కాదంటే సారు ఇంకెట్లన్న పోతుండె. బస్సుల పోతుండె కావచ్చు. చప్పుడు తగ్గించింది నేనే గదా."

పెద్దమ్మ నడుముకు చుట్టిన కొంగు విప్పి కూర్చున్నది.

ఆ ఎండాకాలం షెడ్డు పీకేశాడు. చౌరస్తా అవతల కంకర కొట్టేకాడ కూలికి కుదిరాడు. రాతిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఎనిమిదేండ్ల తర్వాత, 1978లో, ఒక మధ్యాహ్నం దగ్గుతూనే పోయాడు. యాభై దాటలేదు. ఆయన శవపేటిక మోసినవాళ్లలో కూడా ఎవరో చిన్నగా, ఉద్యమంలో పెద్ద పని చేసిన మనిషి అన్నారు. పెద్దమ్మ విని కూడా తల ఎత్తలేదు.

రావు మాటలు మా బాపుకు తెలిసింది మట్టి ఇచ్చి వచ్చిన తర్వాతే. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చొని, ఎవరితోనో కాదన్నట్టు మొత్తం చెప్పింది. బాపు గోడకు ఆనుకొని విన్నాడు.

"గప్పుడే నాకెందుకు చెప్పలే వదినా?"

"నన్ను చెప్పనియ్యలే. నువ్వు గూడ అడిగినంక ఆయన ఇగ మనోళ్లల్ల ఎవ్వరికీ చెప్పుకోలే" అన్నది పెద్దమ్మ.